పాత సైకిలు: పరీక్ష, బేరం, రసీదు

ఉద్దేశం

పాత వస్తువును కొనేటప్పుడు పరిశీలన, లెక్క, నిజాయితీ ఎంత అవసరమో తెలియజేయడం. కృష్ణా డెల్టాలోని నేల, నీరు, గాలి ఒక సాధారణ వాహనంపై చూపే ప్రభావాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

“నీళ్ళలో బర్రెను బేరమాడినట్లు” అని తెలుగులో ఒక లోకోక్తి ఉంది. నీటిలో మునిగి ఉన్న బర్రెకు వీపు, కొమ్ములు తప్ప మరేమీ కనిపించవు. దాని కాళ్ళు కుంటివో, పొదుగు ఎండినదో తెలియదు. అలా పైపైన చూసి ధర చెల్లించేవాడు గట్టుకు వచ్చిన తరువాత విచారించవలసి వస్తుంది. పాత సైకిలు కొనేవారికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. కొత్త రంగు, మెరిసే బెల్లు, మెత్తని సీటు కంటికి కనిపిస్తాయి. ఫ్రేములోని పగులు, గొట్టంలోని తుప్పు, అమ్మేవాని హక్కులోని లోపం కనిపించవు. కనిపించని ఈ మూడింటిని బేరానికి ముందే బయటపెట్టడం ఎలాగో ఈ పాఠం చెబుతుంది.

డెల్టా – సైకిలు

సైకిలుకు అనువైన నేలలలో కృష్ణా డెల్టా ఒకటి. విజయవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ కృష్ణా నీటిని కాలువలకు మళ్ళించాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం మధ్యగా సాగి పల్లెలకు చేరుతాయి. కాలువలతోపాటు వాటి గట్లు బాటలయ్యాయి. ఎత్తుపల్లాలు లేని ఆ బాటలపై పాలవారు, కూరగాయలవారు, వార్తాపత్రికలు వేసేవారు, చేనేత వస్త్రాలు అమ్మేవారు సైకిలునే నమ్ముకొన్నారు. ఊరికి దూరంగా ఉన్న కళాశాలకు వెళ్ళే విద్యార్థికి అది బస్సు వేళలతో పనిలేని వాహనం.

అట్టి సైకిలు అందరికీ కొత్తదే దొరకదు. పిల్లవాని చదువుకు జీతాలు, పుస్తకాలు, వసతి ఖర్చులు ముందు నిలుస్తాయి. అందుచేత చాలా కుటుంబాలు పాత సైకిలు వైపు చూస్తాయి. ఇది చిన్నతనం కాదు. ఏలూరు రోడ్డులోని లెనిన్ సెంటర్ ప్రాంతంలో పాత పుస్తకం కొనే విద్యార్థి పుటలు తిరగవేసి, చినిగినవి ఉన్నాయేమో చూసి, తరువాతనే ధర అడుగుతాడు. సైకిలు విషయంలోనూ పద్ధతి అదే. అయితే పుస్తకంలో ఒక పుట లేకపోతే ఒక పాఠం పోతుంది. రక్షణ గోడలేని కాలువగట్టు మీద బ్రేకు పడకపోతే ప్రాణమే పోవచ్చు.

విజయవాడ విద్యాలయాలకు పేరు పొందిన నగరం. పరీక్షలు ముగిసి విద్యార్థులు స్వగ్రామాలకు మరలిపోయే వేసవి నెలలలో అమ్మేవారు ఎక్కువగా ఉంటారు. కళాశాలలు తెరిచే జూన్ నెలలో కొనేవారు ఎక్కువగా ఉంటారు. కనుక అవసరం తొందరపెట్టక ముందే, వేసవిలో వెదకడం లాభకరం.

ఫ్రేమే ప్రధానం

సైకిలులో మార్చదగిన భాగాలు కొన్ని, మార్చకూడనిది ఒకటి ఉన్నాయి. టైరు, ట్యూబు, చైను, బ్రేకు కట్టెలు, సీటు అరిగిపోయేవే. ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. మార్చకూడనిది ఫ్రేము. అది వంగినా, పగిలినా ఆ సైకిలు ఎంత చౌకగా వచ్చినా వదిలివేయవలసినదే.

మొదట గొట్టాలు కలిసే కీళ్ళ వద్ద పరిశీలించాలి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట, పెడళ్ళ వద్ద, వెనుక ఇరుసు బిగించిన చోట రంగుపై వెంట్రుకవంటి గీత ఉంటే పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ చూడాలి. మట్టి గీత అయితే పోతుంది, పగులు పోదు. హ్యాండిల్‌కు దగ్గరగా కింది గొట్టం అడుగున రంగు ముడుతలు పడి ఉంటే, ఆ సైకిలు ఎదురుగా దేనినో బలంగా ఢీకొన్నదని గ్రహించాలి. ముందు ఫోర్కును పక్కనుండి చూసినప్పుడు అది చక్రంవైపు సాఫీగా ముందుకు వంగి ఉండాలి. వెనుకకు నెట్టినట్లు కనిపిస్తే అదీ ప్రమాదానికి గుర్తే.

ఫ్రేము వంకరను కొలవడానికి ఒక దారం చాలు. వెనుక ఇరుసు బిగించిన చోట ఒకవైపు దారం కట్టి, దానిని ముందుకు తెచ్చి, హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, ఇరుసు రెండవవైపుకు బిగువుగా తీసికొనిపోవాలి. ఇప్పుడు సీటు కింది గొట్టానికీ, దారానికీ మధ్య ఉన్న ఎడాన్ని రెండువైపులా కొలవాలి. రెండు కొలతలు సమానమైతే ఫ్రేము నిటారుగా ఉన్నట్లు. కొలతలలో స్పష్టమైన తేడా ఉంటే ఫ్రేము ఒక పక్కకు ఒరిగినట్లు.

సైకిలు ఎక్కేవాని ఎత్తుకు తగినదా అన్నది మరొక పరీక్ష. పై గొట్టానికి ఇరువైపులా పాదాలు నేలపై ఆనించి నిలిచినప్పుడు శరీరానికీ, గొట్టానికీ మధ్య కనీసం ఒకటి రెండు అంగుళాల ఎడం ఉండాలి. సీటుపై కూర్చుని మడమను పెడల్‌పై ఉంచి, దానిని పూర్తిగా కిందికి దించితే కాలు దాదాపు తిన్నగా చాచుకోవాలి. సీటు ఎత్తును సవరించవచ్చు. ఫ్రేము ఎత్తును సవరించలేము.

నీటి జాడలు

డెల్టాకు నీరే సంపద. సైకిలుకు మాత్రం ఆ నీరే శత్రువు. ఇనుము నీటితో, ప్రాణవాయువుతో కలిసి తుప్పుగా మారుతుంది. నీటిలో ఉప్పు ఉంటే ఆ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. అందుచేత మచిలీపట్నం, నాగాయలంక వంటి సముద్రతీర ప్రాంతాలనుండి వచ్చిన సైకిలును ఎక్కువ జాగ్రత్తతో చూడాలి. రిమ్ముపై, హ్యాండిల్‌పై ఉండే తళతళలాడే పూత కింద తుప్పు దాగి ఉంటుంది. పూత పొక్కులు లేచినచోట గోటితో గీకితే నిజం తెలుస్తుంది.

ఇక వరదనీరు. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు ప్రవహించింది. ఇళ్ళముందు నిలిపిన వాహనాలెన్నో బురదలో కూరుకుపోయాయి. వరదలో మునిగినంత మాత్రాన సైకిలు పనికిరానిది కాదు. భాగాలను విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టి బిగిస్తే అది మళ్ళీ చక్కగా నడుస్తుంది. విప్పకుండా పైన మాత్రమే తుడిచి రంగువేసి అమ్మితే కొన్నవాడు నష్టపోతాడు. బురదనీరు చక్రాల హబ్బులలోకి, పెడళ్ళ ఇరుసులోకి చేరి గ్రీజును కడిగివేస్తుంది. సన్నని ఇసుక మిగిలి బేరింగు గుళ్ళను అరగదీస్తుంది.

దీనిని కనిపెట్టే ఉపాయం సులభమే. అమ్మేవారి అనుమతితో సీటును దాని కడ్డీతో సహా పైకి తీసి, సైకిలును తలకిందులు చేసి మెల్లగా తట్టాలి. గొట్టంలోనుండి ఎర్రని పొడి రాలినా, తుప్పునీరు కారినా లోపల నీరు నిలిచినట్లే. ఆ కడ్డీ బయటికే రాకపోతే అది లోపల తుప్పుతో పట్టుకుపోయిందని అర్థం. తరువాత చక్రాన్ని నేలనుండి ఎత్తి చేతితో తిప్పి, చెవిపెట్టి వినాలి. మంచి బేరింగు చప్పుడు లేకుండా తిరుగుతుంది. కరకరమనే శబ్దం గుళ్ళు పాడైనాయని చెబుతుంది. ఇది మరమ్మతుకు లొంగే లోపమే. కాని ఆ ఖర్చును బేరంలో లెక్కించాలి.

చక్రాలు, చైను, బ్రేకులు

తిరిగే చక్రాన్ని బ్రేకు కట్టెల దగ్గరనుండి గమనించాలి. రిమ్ము అటూఇటూ ఊగితే చువ్వలు సడలినట్లు. కొద్దిపాటి వంకరను మెకానిక్కు చువ్వలు బిగించి సరిచేయగలడు. రిమ్ముపై సొట్టగాని, పగులుగాని ఉంటే కొత్త రిమ్ము వేయక తప్పదు. చక్రాన్ని పక్కలకు కదిపినప్పుడు ఇరుసు వద్ద టకటకలాడకూడదు. క్రాంకును పక్కలకు నెట్టినప్పుడు కూడా కదలిక ఉండరాదు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనుకకు ఊపితే హ్యాండిల్ కింది బేరింగు వదులో బిగువో తెలుస్తుంది.

చైను అరుగుదలను స్కేలుతో కొలవవచ్చు. చైనులో ఒక పిన్నుకూ, దాని పక్క పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. కనుక కొత్త చైనులో 24 లంకెల పొడవు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే చైను బాగా అరిగినట్లు. అప్పుడు ఫ్రీవీలు పళ్ళు కూడా కొక్కేలవలె వంగి ఉండే అవకాశముంది. రెండింటినీ కలిపి మార్చవలసి వస్తుంది.

టైరు పక్కగోడలపై సన్నని బీటలు ఉంటే అది ఎండకు పాతబడినదే. బ్రేకు పిడిని గట్టిగా నొక్కినా అది హ్యాండిల్‌కు తగలకూడదు. వైరు బ్రేకులైతే వైరు పోగులు తెగి ఉన్నాయేమో, కడ్డీ బ్రేకులైతే కడ్డీలు వంగి ఉన్నాయేమో చూడాలి.

పాతకాలపు నల్ల సైకిలుకు ఒక సౌలభ్యం ఉంది. మద్రాసులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్, సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూథియానాలో 1956లో మొదలైన హీరో సంస్థలు దాదాపు ఒకే నమూనా సైకిళ్ళను లక్షలుగా తయారు చేశాయి. అందుచేత ఒక సంస్థ సైకిలుకు మరొక సంస్థ విడిభాగాలు తరచుగా సరిపోతాయి. అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్‌లో మూతపడినా, ఆ పేరుగల పాత సైకిళ్ళకు మరమ్మతు ఆగిపోకపోవడానికి కారణం ఇదే. గేర్లు, ముందు స్ప్రింగులు గల సైకిళ్ళకు ఈ సౌలభ్యం తక్కువ. వాటిని కొనేముందు విడిభాగాలు స్థానికంగా దొరుకుతాయో లేదో విచారించాలి.

చివరగా సైకిలును నడిపి చూడాలి. రద్దీలేని వీధిలో మొదట మెల్లగా నడుపుతూ బ్రేకులు పరీక్షించాలి. నేలపై కొద్దిగా నీరు చల్లి, దానిమీదుగా తిన్నగా నడిపి, తడి చారలను చూడాలి. వెనుక చక్రం చార ముందు చక్రం చారపైనే పడితే చక్రాలు ఒకే వరుసలో ఉన్నట్లు. చారలు ఎడమెడంగా పడితే చక్రమో, ఫ్రేమో వంకరగా ఉన్నట్లు.

అమ్మేవారి మాట

వస్తువును పరీక్షించినంత శ్రద్ధగా అమ్మేవారి హక్కును కూడా విచారించాలి. మోటారు వాహనాలవలె సైకిలుకు రిజిస్ట్రేషన్ పుస్తకం ఉండదు. ఒకప్పుడు పురపాలక సంఘాలు సైకిళ్ళపై పన్ను వసూలు చేసి, చెల్లించినట్లు గుర్తుగా లోహపు బిళ్ళ ఇచ్చేవి. ఆ బిళ్ళలు కాలగర్భంలో కలిసిపోయాయి. నేడు సైకిలుకు గుర్తింపు దాని ఫ్రేముపై చెక్కిన సంఖ్య. అది సాధారణంగా పెడళ్ళ ఇరుసు అడుగునగాని, సీటు కింది గొట్టంపైగాని ఉంటుంది. ఆ సంఖ్యను ఆకురాయితో అరగదీసినట్లు, దానిపై మందంగా రంగు పూసినట్లు కనిపిస్తే అక్కడితో బేరం విరమించాలి.

ప్రశ్నలు మర్యాదగా అడగవచ్చు.

“ఎన్నాళ్ళు వాడారండీ?”

“మూడేళ్ళు బాబూ. మా అబ్బాయి ఇంటరంతా దీనిమీదనే తిరిగాడు. ఇప్పుడు హాస్టల్లో చేరాడు.”

“కొన్నప్పటి బిల్లు ఏమైనా ఉందాండీ?”

“బిల్లు ఎక్కడో పోయింది. కొన్న దుకాణం పేరు చెబుతాను. వెనుక బ్రేకు మాత్రం సరిగా పడదు, అది ముందే చెబుతున్నాను.”

ఇలా కొన్న దుకాణాన్నీ, అమ్మే కారణాన్నీ, ఉన్న లోపాన్నీ తడుముకోకుండా చెప్పేవారిని నమ్మవచ్చు. ఇంటివద్ద కాక నడివీధిలోనే కలుస్తానని, ఇప్పుడే సొమ్ము ఇవ్వకపోతే మరొకరికి అమ్ముతానని తొందరపెట్టేవారి వద్ద జాగ్రత్త వహించాలి. ముందుగా ఫోనులో సొమ్ము పంపితే సైకిలును రవాణా చేస్తానని చెప్పే అపరిచితులకు చిల్లిగవ్వ కూడా పంపరాదు.

చట్టం కూడా ఈ వివేకాన్నే కోరుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, వస్తువు మంచిచెడులు చూసుకొనే బాధ్యత సాధారణంగా కొనేవానిదే. అదే చట్టం ప్రకారం, అమ్మేవానికి లేని హక్కు కొన్నవానికి సంక్రమించదు. అంటే, దొంగిలించిన సైకిలును తెలియక కొన్నా దానిని అసలు యజమానికి అప్పగించవలసి వస్తుంది. ఇక 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం, దొంగసొత్తు అని తెలిసిగాని, అలా నమ్మడానికి కారణం ఉండిగాని దురుద్దేశంతో దానిని తీసికొన్నవారికి మూడేళ్ళ వరకు జైలుశిక్షగాని, జరిమానాగాని, రెండూగాని పడవచ్చు.

శిక్ష మాట అటుంచినా, ఆలోచించవలసిన మాట మరొకటి ఉంది. నమ్మలేనంత చౌకగా వచ్చిన సైకిలు ఒక పాలవానిదో, మరొక విద్యార్థిదో కావచ్చు. ఒకరికి మిగిలిన నాలుగు వందలు మరొకరి జీవనోపాధిని దెబ్బతీసినవి కావచ్చు. దొంగసొత్తు కొనేవారే లేకపోతే దొంగతనానికి ప్రోత్సాహమూ ఉండదు.

ధర – లెక్క

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్నారు పెద్దలు. పాత వస్తువుల ధర స్థిరంగా ఉండదు కాబట్టి లెక్క అత్యవసరం. మొదట అదే రకం కొత్త సైకిలు ధరను దుకాణంలో తెలుసుకోవాలి. పిదప పాత సైకిలుకు కావలసిన మరమ్మతులను కాగితంపై రాసి, ఒక్కొక్కదానికి ఎంత అవుతుందో మెకానిక్కును అడగాలి. ఉదాహరణకు కొత్త సైకిలు రూ. 7,000, పాతదానికి అడిగిన ధర రూ. 3,500 అనుకొందాం. రెండు టైర్లు, ట్యూబులు, చైను, ఫ్రీవీలు, పనికూలి కలిపి రూ. 1,600 అయితే మొత్తం రూ. 5,100 అవుతుంది. సగం ధరకు వచ్చినట్లు కనిపించిన సైకిలుపై నిజంగా మిగిలింది రూ. 1,900 మాత్రమే. ఈ లెక్కను అమ్మేవారి ముందుంచి తగ్గించమని అడగడం న్యాయమైన బేరం. అవసరంకొద్దీ అమ్మేవారిని చిన్నబుచ్చి, లేని లోపాలు ఎంచడం బేరం కాదు. తన సైకిలు లోపాన్ని తానే చెప్పిన వ్యక్తికి సరియైన ధర చెల్లించడం ఆ నిజాయితీకి ఇచ్చే గౌరవం.

తెలిసిన మెకానిక్కును వెంట తీసికొనివెళ్ళి, అతని శ్రమకు తగిన ప్రతిఫలం ఇవ్వడం మేలు. ఆ చిన్న ఖర్చు పెద్ద నష్టాన్ని తప్పిస్తుంది.

రసీదు

బేరం కుదిరిన తరువాత రసీదు రాసుకోవాలి. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు.

“…………… సంస్థవారి …………… రంగు సైకిలు, ఫ్రేము సంఖ్య ……………, నా సొంతమైనది. దీనిని శ్రీ/శ్రీమతి …………… గారికి రూ. …………… లకు అమ్మి, ఆ సొమ్ము పూర్తిగా ముట్టినదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. ఈ సైకిలుపై ఇతరులకెవ్వరికీ హక్కు లేదు. తేది: …………… స్థలం: …………… అమ్మినవారి సంతకం, చిరునామా: …………… సాక్షి సంతకం: ……………”

ఈ వాక్యాలు ఇరువురికీ రక్షణ. కొన్నవారికి అది యాజమాన్యానికి ఆధారం. అమ్మినవారికి ఆ తేదీ తరువాత సైకిలుతో తనకు సంబంధం లేదనడానికి సాక్ష్యం. సంతకానికి వెనుకాడేవారినుండి సైకిలు కొనకపోవడమే మంచిది.

ఇంటికి తెచ్చిన వెంటనే బ్రేకులు సరిచేయించి, భాగాలు విప్పించి గ్రీజు పెట్టించి, మంచి తాళం కొనాలి. రాత్రివేళ నడిపేవారు వెనుక ఎర్రని ప్రతిఫలకం, ముందు దీపం అమర్చుకోవాలి. వానలో తడిసిన ప్రతిసారి పొడిగుడ్డతో తుడిచి చైనుకు నూనె వేస్తే ఆ సైకిలు ఏళ్ళ తరబడి సేవ చేస్తుంది. మరునాడు దానిని అమ్మవలసి వస్తే, తాను కోరిన నిజాయితీనే కొనేవారికి చూపడం అతని వంతు అవుతుంది.

అభ్యాసం

అ) అర్థాలు
లోకోక్తి = సామెత
సంక్రమించు = చెందు, లభించు
జీవనోపాధి = బ్రతుకుతెరువు
ప్రతిఫలం = చేసిన పనికి ఇచ్చే సొమ్ము
ప్రతిఫలకం = వెలుతురును తిరిగి పంపే బిళ్ళ

ఆ) సంధులు
లోక + ఉక్తి = లోకోక్తి – గుణసంధి
అతి + అవసరం = అత్యవసరం – యణాదేశసంధి
విద్యా + ఆలయం = విద్యాలయం – సవర్ణదీర్ఘసంధి

ఇ) సమాసాలు
మంచిచెడులు – మంచియును, చెడును – ద్వంద్వ సమాసం
కాలువగట్టు – కాలువ యొక్క గట్టు – షష్ఠీ తత్పురుష సమాసం

ఈ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. “నీళ్ళలో బర్రెను బేరమాడినట్లు” అన్న లోకోక్తి పాత సైకిలు కొనుగోలుకు ఎలా వర్తిస్తుంది?
2. దారంతో ఫ్రేము వంకరను ఎలా కనిపెట్టవచ్చు?
3. వరదనీటిలో మునిగిన సైకిలును గుర్తించే పద్ధతులేవి?

ఉ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత సైకిలు కొనేవారికి చట్టం తెలియజేసే బాధ్యతలను, వాటి వెనుకనున్న నీతిని వివరించండి.
2. మీ ఇంట్లోని సైకిలును అమ్మదలచినట్లు భావించి, దాని మంచిచెడులను ఉన్నదున్నట్లు తెలిపే ప్రకటనను, ఒక రసీదును రాయండి.